కన్నం చూసి ఎలుకను గుర్తించండి: వరిచేలో ఎలుకల నివారణ

ఎలుకల మందు పనిచేయలేదనే మాట ప్రతి సీజన్‌లోనూ వినిపిస్తుంది. చాలాసార్లు మందులో లోపం ఉండదు. పెట్టిన రోజు, పెట్టిన చోటు, పెట్టిన తీరు, ఈ మూడింటిలో ఏదో ఒకటి తప్పి ఉంటుంది. వీటిని సరిచేసుకోవాలంటే ముందు తేల్చుకోవాల్సింది చేలో ఉన్నది ఏ ఎలుక అన్నది. అన్ని ఎలుకలూ ఒకేలా బతకవు, ఒకేలా చావవు.

ముందుగా, కొరికింది ఎలుకేనా?

ఎలుక పిలకను నేలకు కొద్ది ఎత్తులో, మడిలో నీళ్లుంటే నీటిమట్టానికి కాస్త పైన, కలం పాళీ చెక్కినట్టు ఏటవాలుగా కొరుకుతుంది. తెగిన పిలకలు ఆ దుబ్బు పక్కనే పడి ఉంటాయి. కాండం తొలుచు పురుగు పడితే పిలక నిలబడే ఉంటుంది, మొవ్వు మాత్రం ఎండిపోతుంది. పట్టి లాగితే సులువుగా చేతికి వచ్చేస్తుంది. నాట్లు వేసిన కొత్తలో లేత మొక్కలు తెగి నీళ్ల మీద తేలుతుంటే పీతలను కూడా అనుమానించాలి. పీత కన్నం నీటి అంచున తడిగా, గుండ్రంగా ఉంటుంది, చుట్టూ బురద ఉండలు కనిపిస్తాయి. అందులో ఎలుకల మందు పెడితే ఎరగా కలిపిన నూకలు దండగ.

గట్టు మీద నిలబడి చూసి చేను బాగుంది అనుకోవద్దు. ఎలుక అంచులను వదిలి మడి మధ్యలో కొరుకుతుంది, అక్కడైతే గుడ్లగూబకూ నక్కకూ కనబడదు. చుట్టూ పచ్చగా ఉండి నడిమధ్య పళ్లెంలా గుంట పడిందంటే అప్పటికే ఆలస్యమైనట్టు. వారానికోసారి మడిలోకి దిగి నాలుగైదు చోట్ల దుబ్బులు విడదీసి చూడాలి.

ఎలుక తినేదానికంటే కొరికేదే ఎక్కువ. దాని ముందు పళ్లు, పైన రెండు, కింద రెండు, బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి. ముందువైపు గట్టి ఎనామెల్, వెనకవైపు మెత్తటి భాగం ఉండటంతో వెనక త్వరగా అరిగి ఆ పళ్లు ఉలిలా పదునెక్కుతాయి. ఎలుకలు, ఉడుతలు, ఏదుపందులు అన్నీ ఈ పళ్ల కుటుంబమే. లోకంలోని క్షీరద జాతుల్లో సుమారు 40 శాతం ఇవే. కుందేలు ఈ జాబితాలోకి రాదు, దాని పైదవడ ముందు పళ్ల వెనక ఇంకో చిన్న జత ఉంటుంది. ఇంట్లో గోడ వెంట కీచుమంటూ తిరిగే, పొడుగు మూతి చుంచు కూడా ఎలుక కాదు. దాని తిండి పురుగులు, బొద్దింకలు. దాన్ని చంపితే మనకే నష్టం.

నాలుగు ఎలుకలు, నాలుగు రకాల కన్నాలు

మన వరి పొలాల్లో అసలు శత్రువు చిన్న పందికొక్కు. ముదురు బూడిద గోధుమ రంగు, బొద్దుగా ఉంటుంది, 200 నుంచి 300 గ్రాములు తూగుతుంది. తోక తలా ఒళ్లూ కలిపిన పొడుగు కంటే పొట్టి. కదిలిస్తే వెంట్రుకలు నిక్కబొడుచుకుని పందిలా గుర్రుమంటుంది. ఇంగ్లీషులో వాడే బాండికూట్ అనే మాట మన పందికొక్కు నుంచి వెళ్లిందే. దీని కన్నాన్ని గుర్తించడం తేలిక. నోటి దగ్గర తవ్విపోసిన మట్టి కుప్ప ఉంటుంది, పగలు నోరు వదులు మట్టితో మూసి ఉంటుంది. లోపల దారులు చీలి గూడు గది, ధాన్యం గది విడివిడిగా ఉంటాయి. ప్రమాదం వస్తే దూకి పారిపోవడానికి, పైన పలుచటి మట్టి పొరతో కప్పిన దొంగదారి ఒకటైనా ఉంటుంది. పంట పాలు పోసుకున్న దగ్గర్నుంచి కోత దాకా వెన్నులు కోసి లోపలికి మోస్తుంది. కోతలయ్యాక కన్నాలు తవ్వి ధాన్యం ఏరుకునే అలవాటు పుట్టింది అందుకే. పెద్ద పందికొక్కు వేరు. అది గడ్డివాములు, కోళ్ల షెడ్లు, ఊరి మురుగు కాలువల దగ్గర తిరుగుతుంది.

రెండోది మెత్తటి బొచ్చు పొలం ఎలుక. మొదటిదానిలో పావు వంతు కూడా ఉండదు. బూడిద రంగు ఒళ్లు, తోక పైన నలుపు, కింద తెలుపు. ఇది పెద్దగా తవ్వదు, నేల నెర్రెల్లో, పాత కన్నాల్లో, రాళ్ల కింద తలదాచుకుంటుంది. ధాన్యం దాచుకోదు. నల్లరేగడి చేలలో కన్నాలేమీ కనబడకుండానే పిలకలు తెగుతున్నాయంటే దీని పనే అనుకోవచ్చు.

మూడోది చిట్టెలుక. పది పన్నెండు గ్రాముల ప్రాణం, పొట్ట తెల్లగా ఉంటుంది. గట్టు మీద బొటనవేలు పట్టేంత కన్నం, పక్కనే సన్న రవ్వలాంటి మట్టి. నాలుగోది జెర్బిల్. లేత ఇసుక రంగు ఒళ్లు, పెద్ద కళ్లు, పొడవైన వెనక కాళ్లు, తోక చివర నల్లటి కుచ్చు ఉంటాయి. మెరక నేలల్లో, వేరుశనగ, కంది చేలలో ఎక్కువ. కన్నాలకు నోళ్లు చాలా ఉంటాయి, మట్టి కుప్ప ఉండదు.

ఈ తేడాలు తెలిస్తే ఎర ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది. పందికొక్కుకు కన్నం లోపల పెట్టాలి. మెత్తటి బొచ్చు ఎలుకకు అది నడిచే దారిలో పెట్టాలి. దానికి కొబ్బరి చిప్పలు బోర్లించి అంచున చిన్న నోరు కొట్టి వాడవచ్చు, లేదా రెండున్నర అంగుళాల పైపును అడుగు ముక్కలుగా కోసి గట్టు వెంట అక్కడక్కడా పెట్టి ఎర వాటి మధ్యలో ఉంచవచ్చు. ఎలుక కొత్త వస్తువును చూస్తే వెంటనే దగ్గరికి రాదు. అందుకే చిప్పలు, పైపులు రెండు మూడు రోజులు ఖాళీగా ఉంచి ఆ తర్వాత ఎర పెట్టాలి.

ఎప్పుడు మొదలుపెట్టాలి

పందికొక్కు ఆడది మూడు వారాలు దాటాక ఈనుతుంది. ఈతకు ఐదు నుంచి ఎనిమిది పిల్లలు మామూలు, అంతకు మించీ ఉంటాయి. ఈనిన కొద్ది గంటలకే మళ్లీ ఎదకు వస్తుంది, పిల్లలకు పాలిస్తూనే తర్వాతి ఈత మోస్తుంది. ఆ పిల్లలు దాదాపు మూడు నెలలకు తామే ఈనే వయసుకు వస్తాయి. చేను పొట్టకు వచ్చి గింజ పాలు పోసుకునే రోజుల్లో ఈ ఈతల జోరు పెరుగుతుంది, ఎందుకంటే పాలిచ్చే తల్లికి కావాల్సిన తిండి అప్పుడే దొరుకుతుంది. ఆ దశలో ఎర పెడితే రెండు రకాలుగా నష్టం. ఎదురుగా తియ్యటి పొట్ట ఉండగా ఎండు నూకలు ఎందుకు తింటుంది? పైగా చంపే ప్రతి తల్లి వెనకా ఒక ఈత అప్పటికే బయటికి వచ్చేసి ఉంటుంది.

పిలకలు వేసే దశలో ఎలుక కొరికినా వరి మళ్లీ పిలక వేసి కొంత సర్దుకుంటుంది. చిరుపొట్ట, అంటే పిలక లోపల వెన్ను రూపుకట్టే దశ, దాటాక తెగిన ప్రతి పిలకా పోయిన వెన్నే. కాబట్టి నాట్లు వేసిన నెల నుంచి నెలన్నర లోపే, చిరుపొట్టకు ముందే పని ముగించాలి. ఇంకా మంచి అదను పొలాలు ఖాళీగా ఉండే వేసవి, లేదా నారుమడి దశ. అప్పుడు ఎలుకలు తక్కువ, వాటికి తిండీ తక్కువ, అన్నీ కాలువ గట్లు, రోడ్డు పక్క మెరకలు, తోటల్లోకి చేరి ఉంటాయి. సార్వా (వానాకాలం పంట) కోశాక దాళ్వా (రెండో పంట) నాట్ల దాకా కూడా ఇదే పరిస్థితి. గోదావరికి వరద వచ్చిపోయిన తర్వాతి వారం కూడా వదులుకోకూడదు. నీళ్లు ముంచెత్తాక ఎలుకలన్నీ ఎత్తైన గట్ల మీదకే చేరతాయి.

ఒక్క రైతు రెండెకరాల్లో మందు పెడితే ఏమవుతుందో చాలామందికి తెలుసు, పదిహేను రోజుల్లో మళ్లీ కన్నాలు పడతాయి. మిగిలిన ఎలుకలు పిల్లల్ని పెట్టడం కంటే ముందే పక్క పొలాల ఎలుకలు ఖాళీ అయిన కన్నాల్లోకి వచ్చేస్తాయి. మార్టేరు వరి పరిశోధన స్థానం, రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ ఎప్పటి నుంచో సామూహిక నివారణ అని చెప్పడం వెనక కారణం ఇదే. ఊరి ఆయకట్టు అంతా ఒకే రోజు చేయాలి. ఎవరివీ కాని కాలువ గట్లు, శ్మశానాలు, బీడు భూములు తప్పక కలపాలి, ఎలుకలకు పుట్టిల్లు అవే.

వారం రోజుల పని

మొదటి రోజు సాయంత్రం. గట్లన్నీ తిరిగి కనబడిన ప్రతి కన్నాన్నీ తడి మట్టితో మూయండి. ఎక్కడా చెయ్యి లోపల పెట్టవద్దు, ఎలుక కన్నంలో నాగుపాము ఉండటం అసాధారణం కాదు. పార, కర్ర వాడండి.

రెండో రోజు పొద్దున్న. తెరుచుకున్నవే బతికున్న కన్నాలు. ప్రతిదాని పక్కా ఒక పుల్ల గుచ్చండి, లెక్క రాసుకోండి. ఎకరాకు 30 దొరికాయనుకుందాం. నూకలు 980 గ్రాములకు 20 గ్రాముల వేరుశనగ లేదా కొబ్బరి నూనె కలిపి, కన్నానికి 20 గ్రాముల చొప్పున పొట్లం కట్టి లోపలికి తోయండి. 30 కన్నాలకు 600 గ్రాములు సరిపోతుంది. ఇందులో విషం లేదు, ఇది అలవాటు చేసే ఎర. మూడో రోజు అలాగే వదిలేయండి.

నాలుగో రోజు సాయంత్రం జింక్ ఫాస్ఫైడ్ ఎర. కొలత నూకలు 96 పాళ్లు, నూనె 2 పాళ్లు, మందు 2 పాళ్లు. 30 కన్నాలకు పది గ్రాముల చొప్పున 300 గ్రాములు కావాలి. అంటే నూకలు 288 గ్రాములు, నూనె 6 గ్రాములు, మందు 6 గ్రాములు. కంటితో కొలవొద్దు, బంగారం తూచినట్టు తూచండి. ముందు నూకలకు నూనె పట్టించి ఆ తర్వాత మందు చల్లి కర్రతో కలపాలి. నూనె లేకుండా కలిపితే పొడి గింజకు అంటుకోదు, గిన్నె అడుగున చేరుతుంది. సగం పొట్లాల్లో మందు తక్కువై, మిగిలిన సగంలో ఎక్కువవుతుంది. నీళ్లతో కలపడం అసలే కూడదు, తేమ తగిలితే ఫాస్ఫీన్ వాయువు అక్కడే విడుదలవుతుంది. అది కలిపేవాడికి ప్రమాదం, ఎలుకకు చేరేది చప్పిడి మందు. ఆరుబయట, గాలికి ఎదురు కాకుండా, చేతి తొడుగులు, ముక్కుకు గుడ్డ కట్టుకుని కలపండి. కాగితంలో పది గ్రాముల పొట్లం కట్టి కన్నం లోపల, పక్షులకూ మేకలకూ అందనంత లోతున పెట్టి నోరు మూయండి. వాన సూచన ఉంటే ఆ రోజు ఆపేయండి.

రెండు రోజుల పాటు ఉట్టి నూకలు ఎందుకంటే, ఎలుక ఒకేసారి కడుపు నిండా తినదు. కొత్త తిండిని ముందు కొద్దిగా రుచి చూసి ఆగుతుంది. జింక్ ఫాస్ఫైడ్ కడుపులోని ఆమ్లంతో కలిసి గంటల్లోనే పనిచేస్తుంది. కొంచెమే తిన్న ఎలుక చావదు, కానీ బాధపడుతుంది. ఎలుకకు వాంతి చేసుకునే శక్తి లేదు, అందుకే ప్రకృతి దానికి ఈ అనుమానాన్ని ఇచ్చిందేమో. ఆ బాధనూ ఆ రుచినీ కలిపి గుర్తుపెట్టుకుని వారాల తరబడి ఆ ఎర ముట్టదు. అలవాటు ఎర మానేసి నేరుగా మందు పెట్టేవాళ్లు చేను నిండా తెలివిమీరిన ఎలుకలను తయారు చేసుకుంటారు. ఇదే కారణంతో జింక్ ఫాస్ఫైడ్ సీజన్‌కు ఒక్కసారి మించి వాడకూడదు.

ఐదో రోజు పొద్దున్నే చచ్చిన ఎలుకలు, మిగిలిన పొట్లాలు ఏరి లోతుగా పూడ్చాలి. ఏడో రోజు మళ్లీ కన్నాలన్నీ మూసి, మర్నాడు తెరుచుకున్నవి లెక్కపెడితే ఎంత పని జరిగిందో తెలుస్తుంది. ముప్ఫైలో ఏడెనిమిది తెరుచుకుంటే నిరాశపడొద్దు, వాటికి రెండో మందు ఉంది.

మిగిలిన ఎలుకలకు బ్రోమాడయొలోన్

ఇది రక్తం గడ్డకట్టనివ్వని మందు. శరీరంలో కె విటమిన్ తిరిగి తయారుకాకుండా అడ్డుకుంటుంది, దాంతో లోలోపల రక్తస్రావమై ఎలుక చస్తుంది. తిన్న నాలుగైదు రోజుల తర్వాత గానీ ఫలితం కనబడదు కాబట్టి ఎలుక ఎరను అనుమానించదు. అందుకని అలవాటు ఎర అక్కర్లేదు. సామూహిక కార్యక్రమాల్లో వ్యవసాయ శాఖ ఇచ్చే 0.25 శాతం పొడిని కూడా అదే కొలతలో కలపాలి. నూకలు 96, నూనె 2, మందు 2. అప్పుడు ఎరలో విషం 0.005 శాతం అవుతుంది. కన్నానికి 15 గ్రాములు, అంటే కిలో ఎర దాదాపు 65 కన్నాలకు వస్తుంది. సొంతంగా కొనేవాళ్లు 0.005 శాతంతో తయారుగా వచ్చే బిళ్లలు తీసుకోవడం మేలు, కలిపే బాధ ఉండదు.

మూడో రోజుకే ఎలుకలు చావలేదని చెప్పి పైన ఇంకో మందు పెట్టేస్తుంటారు. కనీసం పది రోజులు ఆగండి. ఈ మందుతో చచ్చే ఎలుకలు ఎక్కువగా కన్నంలోనే చస్తాయి, బయట కనబడవు. గట్టు మీద శవాల లెక్కతో ఫలితం తేల్చవద్దు, మూసిన కన్నాలు తెరుచుకున్నాయా లేదా అన్నదే కొలమానం. బయట చచ్చి పడిన వాటిని మాత్రం వెంటనే పూడ్చాలి. ఆ ఎలుకను తిన్న గుడ్లగూబకూ కుక్కకూ విషం ఎక్కుతుంది.

కొబ్బరి తోటల లెక్క వేరు. అక్కడ చెట్టెక్కి బొండాలు తొలిచేది నల్ల ఎలుక. గట్టు మీద ఎర దానికి అందదు. ప్రతి ఐదు చెట్లలో ఒకదాని మొవ్వులో పది గ్రాముల మైనపు బిళ్ల పెట్టి, 12 రోజుల తర్వాత మరోసారి పెట్టాలి.

పొగ, బుట్టలు, గట్లు

చేను పొట్టకు వచ్చాక ఎలుకలు ఎర ముట్టవు కాబట్టి అప్పుడు పొగే ఆధారం. నెల్లూరు, గుంటూరు ప్రాంతాల్లో యానాదులు చాలాకాలంగా వాడుతున్న పద్ధతి ఇది. కుండలో ఎండుగడ్డి అంటించి, కుండ నోరు కన్నానికి ఆనించి, అడుగు చిల్లు నుంచి ఊదుతారు. ఇప్పుడు అదే సూత్రంతో చేతితో తిప్పే ఫ్యాన్ ఉన్న పొగ యంత్రాలు దొరుకుతున్నాయి. యంత్రం గొట్టం కన్నంలో పెట్టి చుట్టూ మట్టితో బిగించండి. గడ్డి మండకుండా పొగలు కక్కేలా కాస్త తడి గడ్డి కలపండి. రెండు మూడు నిమిషాలు పొగ పట్టాలి. ఈలోగా పొగ ఎక్కడెక్కడి నుంచి లేస్తుందో ఇంకొకరు చూస్తుండాలి. అవే దొంగదారులు. ఒక్కొక్కటీ మట్టితో మూసేయాలి, ఒక్కటి మిగిలినా ఎలుక అందులోంచే పోతుంది. నెర్రెలిచ్చిన నేలలో పొగ నిలవదు, అక్కడ శ్రమ దండగ. గట్టుకు తడి ఉన్నప్పుడే ఈ పని బాగా సాగుతుంది.

ఎలుకలను పట్టే బుట్టలు పెట్టేవాళ్లు దొరికితే వదలకండి. వెదురు బుట్ట గానీ విల్లు బుట్ట గానీ, ఎలుక రోజూ నడిచి నున్నబడ్డ దారిలోనే పెట్టాలి. ఒకటి రెండు కాదు, ఎకరాకు పది పైన పెడితేనే ఫలితం. చేతివాసన అంటుకుంటుందన్న భయం కంటే, బుట్ట దారికి అడ్డంగా కాక దారి వెంబడి నోరు పెట్టి ఉందా అన్నది ముఖ్యం. ఎలుక గోడనో గట్టునో ఒళ్లు రాసుకుంటూ నడుస్తుంది, బయలు మధ్యలో ఉన్న బుట్టలోకి రాదు.

గట్ల సంగతి చాలామంది పట్టించుకోరు గానీ ఖర్చు లేని నివారణ ఇదే. గట్టు వెడల్పు అడుగు లోపు ఉంటే పందికొక్కుకు గూడు గది పట్టదు. వెడల్పాటి పాత గట్లను చెక్కి సన్నబరచండి. గట్ల మీద గరిక, తుంగ పెరగనిస్తే ఎలుకకు గొడుగు పట్టినట్టే. పొలంలో అక్కడక్కడా పంగల కర్రలు నాటితే రాత్రి గుడ్లగూబ వాలి ఎలుకల్ని పడుతుంది. గింజ గట్టిపడే వేళకు ఆ కర్రలు పీకేయాలి, లేకపోతే వాటి మీద గింజలు తినే పిట్టలు వాలతాయి.

పొలం చుట్టూ కరెంటు తీగ పెట్టే పద్ధతి గురించి ఒక్క మాట. ఇంట్లో ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టే అది. నేరం, పైగా రాత్రి నీళ్లు కట్టడానికి వచ్చే మనిషి ప్రాణం మీదకు వస్తుంది. పురుగు మందు గుళికలు నూకల్లో కలిపి పెట్టడమూ అంతే. పక్షులు, పశువులు చస్తాయి, ఎలుకలు మాత్రం వాసనకే తప్పుకుంటాయి. అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు సొంతంగా కొని వాడవద్దు, అవి శిక్షణ ఉన్నవాళ్ల పర్యవేక్షణలో మాత్రమే వాడాల్సినవి.

చేతులు, ఒళ్లు జాగ్రత్త

చచ్చిన ఎలుకను ఉట్టి చేత్తో తోక పట్టి ఎత్తవద్దు. ఎలుక మూత్రం కలిసిన బురద నీళ్లు కాళ్ల పగుళ్లకు, గాయాలకు తగిలితే లెప్టోస్పైరోసిస్, అంటే ఎలుక జ్వరం వస్తుంది. కాళ్లకు పుండ్లుంటే మడిలో దిగే ముందు కట్టు కట్టుకోండి, వీలైతే బూట్లు వేసుకోండి. పొలం పనుల తర్వాత జ్వరం, పిక్కల నొప్పులు, కళ్ల ఎరుపు కలిసి వస్తే డాక్టరుకు మడి పని సంగతి కూడా చెప్పాలి.

ఎర కలిపిన గిన్నె, కర్ర, తూకం పళ్లెం మళ్లీ వంటింట్లోకి రాకూడదు. మందు పొరపాటున ఎవరైనా మింగితే ఇంటి వైద్యం చేయవద్దు, వాంతి చేయించవద్దు, మందు ప్యాకెట్ పట్టుకుని నేరుగా ఆసుపత్రికి వెళ్లండి. బ్రోమాడయొలోన్‌కు డాక్టర్లు ఇచ్చే కె1 విటమిన్ విరుగుడుగా పనిచేస్తుంది, జింక్ ఫాస్ఫైడ్‌కు విరుగుడు లేదు. ఏ ప్యాకెట్ అన్నది డాక్టరుకు మొదటి నిమిషంలోనే తెలియాల్సింది అందుకే. మిగిలిన మందు తాళం వేసిన పెట్టెలో, దాని సొంత డబ్బాలోనే ఉంచండి. కలిపి మిగిలిన ఎరను మాత్రం దాచవద్దు, అదే రోజు బావికీ కాలువకూ దూరంగా గొయ్యి తీసి పూడ్చండి.